జోసఫిన్ అక్క చివరిదాకా వాయించిన సొనాటా

అమెరికాలో మా ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. పన్నెండేళ్ళుగా ఇంకెవరికీ ఆ అవకాశం ఇవ్వలేదు. శృతి చూసుకునే అలవాటు నాకు లేదు. ఆ పూట గొంతు ఎక్కడ ఉంటే అక్కడ మొదలుపెడతాను. రెండు మాటలు దాటేలోపే కీబోర్డు మీద జోసఫిన్ అక్క నన్ను పట్టేసుకుంటుంది. నేను చరణం సాగదీస్తే ఆగుతుంది. ఊపిరి అందక మధ్యలో వదిలేస్తే తనూ వదిలేస్తుంది. అదంతా నా పాట గొప్పతనమే అనుకుంటూ వచ్చాను.

అక్కకి యాభై తొమ్మిదేళ్ళు. కార్ల సీటు బెల్టులు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. పుట్టింది నర్సాపురంలో. అక్కడి మిషన్ హాస్టల్లో ఒక పాత పియానో ఉండేదట. వార్డెనమ్మ పట్టుబట్టి కూర్చోబెట్టి నేర్పింది. ఉన్న ఒక్క పుస్తకాన్నీ సగం చెదలు తినేశాయి. అందుకని అక్కకి ఒక సొనాటాలో, అంటే పాట లేకుండా పియానో మీదే వాయించే పెద్ద రచనలో, మొదటి మూడు పేజీలే వచ్చు. ఆ తర్వాత ఏముందో వార్డెనమ్మకీ తెలియదు. పెళ్ళయింది, మిషిగన్ వచ్చింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. మిగతా పేజీల సంగతి మాత్రం ఆమె మనసులోంచి పోలేదు. ఎవరితోనూ అనలేదు. అంటే మేమేమనేవాళ్ళమో నాకు తెలుసు. చర్చిలో వాయిస్తున్నావుగా, ఇంకేం కావాలి అనేవాళ్ళం.

రెండేళ్ళ కిందట కమ్యూనిటీ కాలేజీలో పియానో క్లాసులో చేరింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, పేపర్ ప్లేట్లలో బిర్యానీ తింటూ నాకు చెప్పింది.

"సొనాటా అంటే అన్నీ ఒకేలా ఉంటాయనుకున్నాను జూడ్. కాదు. మొదట్లో ఎక్కువగా ఇళ్ళలో వాయించుకునేవాళ్ళట. పియానోలు చిన్నవి, లోపల చెక్క ఫ్రేము, బలంగా వాయిస్తే తట్టుకోవు. హైడెన్ లాంటివాళ్ళు పొందిగ్గా రాశారు. రెండు మూడు భాగాలు, చాలావరకు దేని రాగం దానిదే. బీథోవెన్ వచ్చేసరికి పియానోలూ పెద్దవవుతున్నాయి, ఆయన సొనాటాని ఇంకా పెద్దది చేశాడు. తర్వాత ఇనప ఫ్రేము వచ్చింది, హాలు నిండేంత సౌండ్ వచ్చింది. ఆ పైన వచ్చిన రొమాంటిక్ కాలం సంగీతకారులు మనసులో ఉన్నదంతా అందులోనే చెప్పుకున్నారు. కొందరైతే మొదట వినిపించిన రాగాన్ని అన్ని భాగాలూ దాటించి, ఎక్కడో చివర్లో మళ్ళీ తెస్తారు. అప్పటికి అది పాత రాగంలా వినపడదు."

"అంతసేపు ఎవరు వింటారక్కా?" అన్నాను. నా నోరు అలాంటిది.

ఆమె నవ్వలేదు. "అలాంటిది ఒక్కటి నేను పూర్తిగా వాయించాలి. మనవాళ్ళ ముందే. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరి వెనకే వాయించాను. వాళ్ళు ఆపితే నేనూ ఆపాను. ఒక్కసారి నా అంతట నేను చివరిదాకా వెళ్ళాలి. మధ్యలో ఆగిపోయానా, మళ్ళీ కూర్చునే ధైర్యం నాకు రాదు."

నాకు సిగ్గేసింది. వాళ్ళు వీళ్ళు కాదు, ఆపింది నేనేగా. మేం అద్దెకి తీసుకునే అమెరికన్ చర్చి హాల్లో నల్లటి పెద్ద పియానో ఒకటి ఉంది. మేం దాన్ని ముట్టుకోం. నేనే వాళ్ళ ఆఫీస్‌కి వెళ్ళి మాట్లాడి, మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నానికి బుక్ చేశాను.

ఆ రోజు నలభై మంది దాకా వచ్చారు. అక్క అత్తగారు ధనమ్మ గారు ముందు వరుసలో కూర్చున్నారు. ఆవిడకి ఎనభై రెండేళ్ళు, ఆరు నెలలుండి పోదామని ఏలూరు నుంచి వచ్చారు. అక్క ముందు హైడెన్ కాలం నాటి చిన్న సొనాటా వాయించింది. ఇస్త్రీ చేసి మడతపెట్టిన బట్టల్లా చక్కగా ఉంది. అందరం చప్పట్లు కొట్టాం.

తర్వాత అసలుది. ఎవరో జర్మన్ ఆయన రాసిందట, ఆ పేరు నాకు నోరు తిరగలేదు. "నాలుగు భాగాలు. మధ్యలో చప్పట్లు వద్దు, ప్లీజ్" అంది అక్క.

మొదటి రాగం కింది స్వరాల్లో, ఎవరినో ఏదో అడుగుతున్నట్టు మొదలైంది. రెండో భాగం నెమ్మదిగా నడిచింది. అందులో అక్క ఎడమచేతిని అలా నడవనిస్తూనే కుడిచేత్తో రాగాన్ని కాస్త వెనక్కి పట్టి వదులుతుంటే, మా ముసలివాళ్ళు పాడేటప్పుడు ఆమె ఓపిగ్గా ఆగడం గుర్తొచ్చింది. మూడోది పరుగులు పెట్టింది. నాలుగోది ఎక్కడెక్కడికో తిరిగి తిరిగి, ఉన్నట్టుండి మొదటి రాగం మళ్ళీ వినిపించింది. మెల్లగా, పైస్వరాల్లో. వినిపించి ఒక్క క్షణం ఆగింది.

మా పాటల్లో మూడు చరణాలయ్యాక పల్లవి మెల్లగా వచ్చి ఆగిందంటే పాట అయిపోయినట్టే. నేను లేచాను.

"తలలు వంచుదాం, ప్రార్థించుకుందాం" అన్నాను.

నలభై తలలూ వంగాయి. స్త్రీలు కొంగులు తల మీదకి లాక్కున్నారు. ధనమ్మ గారు అప్పటికే కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు.

నేను కళ్ళు మూయబోతూ అక్కని చూశాను. ఆమె చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి. పన్నెండేళ్ళ అలవాటు, నేను ఆపితే ఆగిపోయే చేతులు. మొహం పాలిపోయింది. నేనేం చేశానో అప్పుడు అర్థమైంది. రెండేళ్ళ కష్టం నా రెండు మాటలతో పోయిందనుకున్నాను.

"జూడ్" అంది అక్క. గొంతు పెద్దది చేయలేదు. "కూర్చో. ఇంకా ఉంది."

ఆ మాట ఆమె నాతో ఏనాడూ అనలేదు. కూర్చున్నాను. వంగిన తలలు ఒక్కొక్కటే లేచాయి. అక్క చేతులు పియానో మీద పెట్టి, ఆ రాగం తిరిగొచ్చిన చోటు నుంచే మళ్ళీ మొదలుపెట్టింది.

అసలు సంగతంతా ఆ తర్వాతే ఉంది. మెల్లగా వచ్చిన రాగం రెండు చేతులూ నిండి, పియానో అంతా తనదే అయినట్టు పెరిగింది. మొదట అడిగినట్టున్న గొంతు ఇప్పుడు ఎవరినీ ఏమీ అడగడం లేదు. ఒకచోట తప్పు స్వరం పడింది. నాకే తెలిసింది, ఆమెకి తెలియదా? ఆగలేదు. నా పక్క మనిషి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

ఆఖరి స్వరాలు పడ్డాయి. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మళ్ళీ ఎక్కడ తప్పు చేస్తామోనని భయం. అందరూ నా వైపు చూశారు, నేను అక్క వైపు చూశాను.

ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "అయ్యింది. ఇప్పుడు చెయ్యి ప్రార్థన" అంది.

లేచి నిలబడ్డాను. మామూలుగా పది నిమిషాలకి తక్కువ చేయను. ఆ రోజు ఎంత వెతికినా ఆ పియానో మీద ఆమె చెప్పినదానికి నేను కలపాల్సింది ఏమీ కనపడలేదు. "ఆమెన్" అన్నాను. నలభై మందీ అన్నారు.