ఇంకా రాని మంగళవారం

నరసరావుపేటలో నాకు నెట్‌వర్కు పాఠాలు చెప్పిన మాస్టారు పోయారని పోయిన వారం కబురు వచ్చింది. పక్కింటి నుంచి పన్నెండింటికి తిరిగొచ్చిన ఆయన భార్యకి, మా అమ్మగారికి, ఆయన కుర్చీలో ఒరిగి కనిపించారట.

కంప్యూటర్ల మధ్య నడిచే సందేశాలను పట్టి, కాలక్రమంలో పేర్చి చూపే సాఫ్ట్‌వేర్ రాయడం నా వృత్తి. దాన్ని పరీక్షించడానికి మాస్టారు తన ఇంట్లో ఒక చిన్న పెట్టె అమర్చారు. మీట నొక్కితే ఒక సందేశం పుడుతుంది. పెట్టె దానికి కాలపు అంకె వేసి మెమరీ కార్డులో దాస్తుంది. అందులో గడియారం లేదు. కరెంటు వచ్చిన క్షణం నుంచి లెక్కిస్తూ పోయి, దాదాపు యాభై రోజులకు అంకెలు నిండిపోతే మళ్లీ సున్నా దగ్గర మొదలుపెడుతుంది. కాఫీ తాగినప్పుడల్లా ఆయన మీట ఒకసారి నొక్కేవారు.

"నేనున్నానని దానికి తెలియాలి గదరా" అని నవ్వేవారు.

పెట్టె మొదలుపెట్టిన తేదీకి ఈ అంకెలు కలిపి నా ప్రోగ్రాం ప్రతి నొక్కుకూ తేదీ కట్టేది; అంకె తగ్గిన ప్రతిచోటా ఒక యాభై రోజుల చుట్టు పూర్తయిందనే అనుకునేది. చూడగానే ఆయన తప్పు పట్టారు. "ఒరేయ్, తగ్గిందని చుట్టు తిరిగిందనుకోమాక. కరెంటు పోయిందేమో మనుషుల్ని అడుగు. ఇది పల్నాడురా!" సరిచేస్తానన్నాను. చేయలేదు.

మూడో రోజు పలకరించడానికి వెళితే అమ్మగారు అడిగారు: "నాయనా, ఆరోజు పదకొండున్నరకి ఏకాదశి పోయి ద్వాదశి వచ్చిందంట. ఏటేటా ఆయనకి ఏ తిథిన తద్దినం పెట్టాలో తెలవడం లేదు. ఆ డబ్బాలో ఏమన్నా ఉందేమో చూడు."

కార్డును నా ప్రోగ్రాంలో తెరిచి జాబితా అచ్చు తీశాను. ఆయన చివరి నొక్కు కనిపించింది. దాని తేదీ మళ్లీ చదివాను. అది ఆయన పోయిన నలభై రోజుల తరవాతిది.

అంతకుముందు నొక్కు దగ్గర అంకె తొమ్మిది రోజులు మాత్రమే దాటింది. చుట్టు నిండే అవకాశమే లేదు; మిగతా నలభై రోజులూ నా ప్రోగ్రామే కలిపేసింది.

"అమ్మా, ఆరోజు కరెంటు పోయిందా?"

"పోకేం! పొద్దున పోయి పదకొండుకి వచ్చింది. పక్కింటి పిన్ని వెంటనే టీవీ పెడితే పదకొండింటి వార్తలు మొదలయ్యాయిగా."

కరెంటు వచ్చాక మొదలైన కొత్త లెక్కలో చివరి నొక్కు నలభై రెండో నిమిషాన ఉంది; అంటే పదకొండూ నలభై రెండుకి ఆయన ఉన్నారు. ఆమె చెప్పిన వేళ ఐదు నిమిషాలు అటూ ఇటూ అయినా తిథి మారదు.

"ద్వాదశేనండి."

ఆమె బల్ల మీది కాఫీ ఫ్లాస్కును దగ్గరికి తీసుకున్నారు. "అయితే నేను పోసిపెట్టిన కాఫీ తాగారన్నమాట."

ప్రోగ్రాం సరిచేశాను. అంకె తగ్గితే ఇప్పుడది ఊహించదు, అడుగుతుంది. పాత లెక్కతో అచ్చయిన ఆ జాబితా కాగితాన్ని మాత్రం చించలేకపోయాను. అందులో, ఇంకా రాని ఒక మంగళవారం ఉదయం, మాస్టారు కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని మీట నొక్కుతున్నారు.