అత్త పారబోసిన రంగు

మా అత్తకి నవ్వొస్తే ఆగదు. నాన్నకి చెల్లెలు, అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది తనే. నలభై దాటింది. పెళ్ళి మాటెత్తితే "నన్ను భరించేవాడు ఇంకా పుట్టలేదే" అని పడీపడీ నవ్వుతుంది. నాకేమో ముక్కు మీదే కోపం. ఇద్దరం ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తాం. పళ్ళరసం తీసేవాళ్ళు పారేసే ద్రాక్ష తొక్కల్ని నానబెట్టి, వాటిలోని ఊదారంగు రాబట్టి, మిఠాయి కంపెనీలకి అమ్ముతారు మావాళ్ళు. నేను సీసాలకి మూతలు బిగిస్తాను. అత్త వడపోత మిషన్ల దగ్గర ఉంటుంది.

ఆ మిషన్లు రెండు. రెంటిలోనూ కంటికి కనపడనంత సన్నటి చిల్లులున్న పొరలుంటాయి. మొదటిదానిలో పొర దాటి దిగిన రసం మనకి కావాలి, పైన ఆగిన మడ్డి పారబోయాలి. రెండోదానిలో అంతా తిరకాసు. అక్కడి పొర ఇంకా సన్నం, దాటి దిగేది వట్టి నీళ్ళు, పైన ఆగి చిక్కబడేదే రంగు. గొట్టాల్లో ఏం పోతోందో పైకి కనపడదు. అత్త ఏళ్ళ తరబడి మొదటి మిషన్ మీద చేసి, ఆ వారమే రెండోదానికి మారింది.

మారినప్పట్నుంచీ అత్త తీరే మారిపోయింది. కారణం లాబ్ ఆయన. గంటగంటకీ వచ్చి, ట్యాంకులోంచి చిన్న సీసాలోకి పట్టి, వెలుతురుకెత్తి చూసి, తలూపి పోయే మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటాడు. అలాంటివాడు ఆ పొద్దున అత్త దగ్గర ఆగి, "సాయంత్రం కాస్త ఉంటారా? మీతో ఒక మాట మాట్లాడాలి," అన్నాడట.

ఇక అత్త కాళ్ళు నేలమీద నిలవలేదు. మూతల గదికి పరుగెత్తుకొచ్చి నా చెవిలో ఊది, నేను నోరు తెరిచేలోగా తుర్రుమంది. "ఏం మాటలే, జీతం కోత గురించి అయ్యుంటుంది," అని వెనకనుంచి అరిచాను. కుళ్ళు కాదండీ, భయం. అత్త వెళ్ళిపోతే నాకెవరున్నారు?

మధ్యాహ్నం మేనేజర్ కేక వినపడింది. వెళ్ళి చూద్దును కదా, పొరలు కడిగిన మందునీళ్ళు పోసే తొట్టి నిండా నీలం. రంగు ఉండాల్సిన ట్యాంకులో మాత్రం వట్టి నీళ్ళు, మొహం చూసుకోవచ్చు. పాత అలవాటు కొద్దీ అత్త గొట్టాలు తారుమారు చేసి తగిలించింది. దిగినదాన్ని దాచి, ఆగినదాన్ని పారబోసింది. మర్నాడు కొనేవాళ్ళకి చూపించాల్సిన సరుకది.

"ఎవరు చేశారిది?" అన్నాడు మేనేజర్.

"నేనే," అంది అత్త, కేక విని వచ్చిన లాబ్ ఆయన్ని చూపిస్తూ. "ఈయన సాయంత్రం మాట్లాడాలన్నారు. అప్పట్నుంచీ నాకు కుడేదో ఎడమేదో తెలియడం లేదు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. లాబ్ ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. మేనేజర్ ఆయనవైపు తిరిగి, "గంటగంటకీ సీసా పట్టి చూస్తారు కదండీ, మీకేం కనపడింది?" అన్నాడు.

"వట్టి నీళ్ళే కనపడి ఉండాలండీ," అన్నాడాయన. "బాగుందని తలూపి వచ్చేశాను. ఈవిడని ఎలా అడగాలా అని ఆలోచిస్తున్నాను మరి."

రంగు చూడటమే ఆయన ఉద్యోగం. అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ లాభం లేకపోయింది. మూతల గదివాళ్ళం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. నేనూ నవ్వాను, నామీద నాకే ఒళ్ళు మండుతున్నా.

రంగు పూర్తిగా పోలేదు. కడిగే మందు తగిలితే నీలం, పులుపు తగిలితే ఎరుపు, దాని గుణమే అంత. ఆలస్యమైతే చెడిపోతుందని లాబ్ ఆయన పరుగెత్తి నిమ్మ ఉప్పు తెచ్చి తొట్టిలో కుమ్మరించాడు. తొట్టి ఎర్రబడింది. కొంత పాడైనా మిగతాది మళ్ళీ మిషన్‌కి ఎక్కించారు. "ఇద్దరూ ఉండి పూర్తిచేసి పొండి," అని మేనేజర్ శిక్ష వేశాడు. శిక్షట, శిక్ష. తొందరపడి ఒత్తిడి పెంచితే పొర పూడుకుపోతుంది, నెమ్మదిగానే పోనివ్వాలి. "నువ్వు ఇంటికి పోవే," అంది అత్త నావైపు చూడకుండా.

ఇంటికొచ్చి గిన్నెలు ఠపాఠపా పడేస్తూ వంట చేశాను. తలుపు చప్పుడైతే తీశాను. అత్త, వెనక ఆయన. ఇద్దరి చేతులూ మోచేతులదాకా ఊదారంగు.

"అడిగారే," అంది అత్త. "మా మేనకోడలు ఒప్పుకుంటేనే అన్నాను."

"ఒప్పుకోకపోతే?" అన్నాను.

నేను పుట్టి బుద్ధెరిగి అత్త నవ్వని మొహం చూడలేదు. అప్పుడు చూశాను. "అయితే లేదు," అంది. "నీ తరవాతే ఎవరైనా."

"మీరిద్దరూ ఎక్కడుంటే నేనక్కడికే వస్తానమ్మా," అన్నాడాయన గుమ్మం బయటే నిలబడి. "నాకు పెద్దగా సామాను కూడా లేదు."

కోపం కోసం వెతుక్కున్నాను, దొరకలేదు. కళ్ళు నిండిపోయాయి. లోపలికెళ్ళి ఇంకో కంచం తీసి పెట్టాను.

"చేతులు కడుక్కుని రండి మామయ్యా," అన్నాను. "అన్నం చల్లారిపోతోంది."