పండ్ల డాక్టరు అడిగింది నన్ను

నా కింది దవడలో ఒక పన్ను లేదు. అది పోయి ఏళ్లు గడిచినా నాలుక ఇప్పటికీ ఆ సందులోకే పోతుంది.

అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. మాది కంగ్టి దగ్గర పల్లె. మా ఆయన చెరకు కొట్టే పనికి కర్ణాటక వైపు పోయాడు. పంటి నొప్పితో నా చెంప పొంగిపోతే, మా బావ, అంటే మా ఆయన అన్న, అంగడి రోజున నన్ను నారాయణఖేడ్ తీసుకుపోయాడు. హైదరాబాద్ నుంచి పండ్ల డాక్టరు ఆ రోజే వచ్చేవాడు.

మా ఇంట్లో కోడలు బావ ముందు నోరు విప్పకూడదు. ఎదురుపడితే కొంగు కప్పుకుని పక్కకు జరగాలి. ఏదైనా చెప్పాలంటే మధ్యలో అత్త ఉండాలి. ఆ రోజు అత్త రాలేదు.

డాక్టరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, సూది ఇచ్చే ముందు ఒక్కొక్కటే అడిగాడు. షుగరుందా, ఏ మందైనా పడలేదా, ఎప్పుడైనా కళ్లు తిరిగి పడ్డావా అని. లేదని తలూపుతూ వచ్చాను. ఆఖర్న గొంతు తగ్గించాడు.

"కడుపుతోని ఉన్నవా అమ్మా?"

ఉన్నాను. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దని, దిష్టి తగులుతుందని మా అమ్మ ఒట్టు వేయించుకుంది. అయినా చెబుదామనే అనుకున్నాను. ఈలోపే గడప దగ్గర నిలబడ్డ బావ అందుకున్నాడు.

"గసొంటిదేం లేదు సార్. జల్దీ తీయుండ్రి, బస్సు పోతది."

ఆయనకెలా తెలుసట? నా మొగుడికే తెలియని సంగతి! కాదంటే నలుగురిలో బావ మాట కొట్టేసినట్టు. సిగ్గుతో చచ్చి ఊరుకున్నాను. డాక్టరు పన్ను పీకేశాడు.

ఆ వారంలోనే నా కడుపు పోయింది. పన్ను పీకినందుకే పోయిందని ఇంటిల్లిపాదీ డాక్టరును తిట్టిపోశారు. "నాకెవ్వరన్న చెప్పిండ్రా? చెప్తే తీస్కపోదునా?" అని బావ అత్త మీద అరిచాడు. ఆయన్ను చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ మాట నిజమే, ఎవరూ చెప్పలేదు.

మరుసటి నెల పక్కింటామెను తోడు తీసుకుని మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి పోయాను. అంతా చెప్పి, దానివల్లనేనా అని మొహం మీదే అడిగాను.

"దానివల్లనే అని చెప్పలేనమ్మా. కాదని గూడ చెప్పలేను. తెలిసుంటే మాత్రం ఆ రోజు పీకకపోదును."

ఆ తర్వాత నాకు పిల్లలు పుట్టారు, పెరిగారు. అయినా డాక్టరు చెప్పిన ఆ మాటల మధ్య ఇప్పటికీ నలుగుతూనే ఉన్నాను. ఆ తర్వాతి కాన్పును ఇంట్లోవాళ్లు మొదటిది అంటే, నేను మనసులో రెండోది అనుకున్నాను.

పన్ను పీకిన రోజు నారాయణఖేడ్ నుంచి ఇంటికొచ్చి అందరికీ అన్నం పెట్టాను. నా నొప్పి తగ్గిందో లేదో అడగమని బావ అత్తకు చెప్పాడు. అత్త నా వైపు చూడనైనా చూడకుండా, తగ్గిందని చెప్పేసింది.