ఆఖరి గీత కోసం రిసాలికి

నా పేరు గురమ్మ. వయసు డెబ్బై రెండు. భిలాయి-3 స్టేషన్ దగ్గర కోడలు సావిత్రితో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, సావిత్రి రాస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోను.

మా ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేస్తూ, సెలవు రోజుల్లో రిసాలిలో ఒక స్టూడియోకి పోయి ఎచింగ్ బొమ్మలు వేసేవాడు. జింక్ రేకుకు మైనం పూసి, సూదితో గీసి, ఆసిడ్‌లో ముంచుతారు. గీసినచోట ఆసిడ్ రేకును తినేస్తుంది. ఆ గాడుల్లో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కితే బొమ్మ పడుతుంది. పూర్వం పుస్తకాల్లో బొమ్మల కోసం చేసిన ఈ పనిని తర్వాత చిత్రకారులు సొంత కళగా చేసుకున్నారట. ఇన్నే అచ్చులని మాటిచ్చి, అవి అయ్యాక ఇంకో అచ్చు తియ్యకుండా రేకు మూల అడ్డగీత పెట్టే ఆచారం అప్పుడే వచ్చిందని ఆయన చెప్పేవాడు. క్యారియర్ పట్టుకుని కర్మాగారం గేటు దగ్గర నిలబడ్డ నన్ను గీసి, పది అచ్చులు తీశాడు. పదీ బయటివాళ్ళకే పోయాయి. గీత పెట్టకుండానే ఆయనా పోయాడు. రెండేళ్ళయ్యాక, మొన్న సావిత్రి ఫోన్‌లో ఆ స్టూడియో వాళ్ళ ఎగ్జిబిషన్ ప్రకటన చూసింది. అందులో పదకొండో అచ్చు, కింద ఆయన సంతకంతో సహా.

మర్నాడు పొద్దున్నే మా వీధి సంతోష్ ఆటోలో బయలుదేరాం. రానూ పోనూ నాలుగొందలు. షేర్ ఆటోలయితే తక్కువే, పవర్‌హౌస్ దగ్గర మారాలి.

"మామ్మా, ఎగ్జిబిషన్ సూడ్డానికేటి?" అన్నాడు.

"సూడ్డానికి కాదురా, ఆపడానికి."

స్టూడియో నడిపే దినేష్ మన తెలుగువాడే, మాటలో హిందీ కలుస్తుంది. గీత పెట్టాలి, రేకు తెమ్మన్నాను. టీ తెప్పించి, రేకు తెచ్చి బల్లమీద పెట్టాడు. "దేఖో అమ్మాజీ, ఎంత బారీక్, ఎంత సన్నటి పనో! దీనిమీద గీత పెడితే పాపం."

"సచ్చినోడి సేత సంతకం ఎట్టించడం పుణ్యమేటి?"

అతను నోరు తెరిచేలోగా బల్లమీది సూది తీసుకున్నాను. రేకు మీద సూది జారింది. మూల పెట్టాల్సిన గీత నా నుదుటి నుంచి గడ్డం దాకా దిగింది.

"రద్దయినట్టు రుజువు తియ్యి," అన్నాను. గీత పడ్డ రేకుతో ఒక అచ్చు తియ్యడం, అదీ ఆచారమే. అచ్చు తీశాడు. నా ముఖం మీద నల్లగా గీత.

"అరే, ఇదింకా బావుంది! గోడకు పెడదాం అమ్మాజీ."

కాగితం లాక్కుని బయటికొచ్చేశాను.

ఆయన మాట నిలబెట్టాను. అందుకు ముఖం చీల్చుకున్నాను. ఆయన చేసిన నా బొమ్మ ఇంట్లో ఉన్నది ఈ ఒక్కటే, అదీ ఇలా. దినేష్‌ను క్షమించను, గీత వాయిదా వేసిన ఆ మనిషినీ క్షమించను. మీ ఇంట్లో రేకులు గీసేవాళ్ళుంటే, ఆఖరి గీత బతికుండగానే వాళ్ళచేత పెట్టించండి. వాళ్ళయితే మూల పెడతారు.

ఇది గురమ్మ ఎడమ బొటనవేలి ముద్ర. చూసినవాళ్ళు: సావిత్రి, ఆటో సంతోష్.