రెండు గోడల ఇంగ్లీషు

ఇంగ్లీషు భాష పుట్టింది మా అమ్మమ్మ స్టోరు గదిలోనే. నమ్మనివాళ్లు వచ్చి గోడల మేకులు చూసుకోవచ్చు. ఇంగ్లీషువాళ్లు దాన్ని అక్కడి నుంచే ఎత్తుకుపోయి, తమ సొంతమన్నట్టు వ్యాకరణాలు అచ్చువేసుకున్నారు. ఎత్తుకుపోయే తొందరలో సబ్బును మాత్రం తప్పు అరలో పడేశారు. ఆ సబ్బు మూలంగా అమ్మమ్మకూ ఇంగ్లీషుకూ మూడు రోజులు మాటల్లేవు.

అమ్మమ్మ పెద్దాసుపత్రి స్టోరులో ముప్పై ఒక్క ఏళ్లుగా సరుకులు ఇస్తోంది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. నడుముకు తాళాల గుత్తి ఉంటుంది. ఆ గుత్తి చప్పుడు వరండాలో వినబడిందంటే కబుర్లు చెప్పుకుంటున్న ఆయాలు గభాలున చీపుళ్లు అందుకుంటారు. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో డాక్టర్లు మారారు, మంచాలు మారాయి, లిఫ్టు వచ్చింది, వచ్చిన లిఫ్టు పాడైపోయింది. స్టోరు గది మాత్రం మారలేదు. తలుపు తీయగానే కుడివైపున ఉండేది లెక్కగోడ. దుప్పట్లు, బకెట్లు, సూదులు, కత్తెరలు, బల్బులు, సబ్బులు దాని మీద ఉంటాయి. ఎడమవైపున ఉండేది కొలతగోడ. పంచదార, పాలపొడి, దూది, స్పిరిట్, ఫినాయిల్ అక్కడ. కొలతగోడ మీద ఉన్న ప్రతిదానికీ దాని గరిటో, గిన్నో, చిన్న తక్కెడో దారంతో కట్టి వేలాడుతుంటుంది. పంచదార గరిట పొరపాటున ఫినాయిల్లో మునిగితే రోగం కుదిరేది రోగికా, ఆసుపత్రికా అని అమ్మమ్మ మొదటి ఏడాదే పెట్టిన పద్ధతి అది.

ఇలా ఉండగా కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. చలైనా ఎండైనా బూడిదరంగు కోటు విప్పడు కాబట్టి అందరూ ఆయన్ని వెనకాల బూడిదకోటు అనేవారు. ఆయన వచ్చిన వారానికే ఒక కబురు పెట్టాడు. వచ్చే నెల నుంచి స్టోరు చీటీలన్నీ ఇంగ్లీషులోనే. పన్నెండో రోజున పరీక్ష. ఆయన పది సరుకుల పేర్లు చెబుతాడు, ఎంత స్టాకు ఉందో చూసి ఇంగ్లీషులో చీటీ రాయాలి. ఒక్క తప్పు వరకు పరవాలేదు. రెండో తప్పు దొర్లితే తాళాలు ఇచ్చేసి ఉతికే గదికి వెళ్లాలి.

డబ్బాల మీద చదివి చదివి అక్షరాలు, సరుకుల పేర్లు వచ్చాయి కానీ వాటిని వాక్యంలో కూర్చడం అమ్మమ్మకు కొరకరాని కొయ్య. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది.

"ఏమే, నీకు ఇంగ్లీషు వచ్చు కదా?" అంది మనవరాలితో.

మనవరాలంటే తొమ్మిదో తరగతిని రెండుసార్లు చదివి, దాని మీద మమకారం చావక అక్కడే ఆగిపోయిన పిల్ల. ఈ కథ రాస్తున్న ఘనురాలు కూడా ఆవిడే.

"ఓ, దంచేస్తాను," అంది మనవరాలు.

"దంచక్కర్లేదు. చెబితే చాలు."

వ్యాకరణం పుస్తకం దుమ్ము దులిపి తెచ్చారు. మనవరాలు గొంతు సవరించుకుని చదివింది. "కౌంటబుల్ నామవాచకాలు అనగా లెక్కించదగినవి. అన్‌కౌంటబుల్ అనగా లెక్కించదగనివి. ఈ జాబితా కంఠస్థం చేయవలెను. వాటర్, మిల్క్, షుగర్, కాటన్..."

"ఆగు, ఆగు! మళ్లీ చదువు."

మళ్లీ చదివింది. అమ్మమ్మ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. కళ్లు బల్బుల్లా వెలిగాయి.

"ఒసేయ్, ఇది నా ఎడమగోడ!"

"గోడేంటి అమ్మమ్మా, ఇది గ్రామరు."

"గ్రామరో గీమరో. బకెట్ చెప్పు. అది ఏ వైపు?"

"కౌంటబుల్."

"కుడిగోడ! సూది?"

"కౌంటబులే."

"కుడిగోడే! దూది?"

"అన్‌కౌంటబుల్."

"అదిగో! ఇన్నాళ్లూ నేను ఇంగ్లీషు గదికే తాళం వేస్తున్నానే!" అని అమ్మమ్మ మనవరాలి బుగ్గ గిల్లింది. మనవరాలి అరుపుకు పక్కవాటా వాళ్లు కిటికీ తీసి ఏమైందని అడిగారు. "ఏం లేదు, పరీక్ష పాసయ్యాను," అని అమ్మమ్మ కేకేసి చెప్పింది. అప్పటికి పరీక్షకు ఇంకా పదకొండు రోజులున్నాయి.

ఆ తర్వాత ఆవిడకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. అన్నం తింటూ, తల దువ్వుకుంటూ, కనబడ్డ ప్రతి వస్తువునూ ఏదో ఒక గోడకు తగిలించేది. ఒకరోజు మనవరాలు పుస్తకంలో ఇంకో మాట చూపించింది.

"అమ్మమ్మా, సలహా కూడా అన్‌కౌంటబులే."

"ఇంగ్లీషువాడికి మన ఇల్లు తెలుసే! మీ తాతయ్య ఇచ్చే సలహాలు ఎవడు లెక్కపెట్టగలడు? తొట్లకొద్దీ తోడి బయట పొయ్యాల్సిందే."

తాతయ్య పేపరు చాటునుంచి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మధ్యలో నన్నెందుకు లాగుతారు?" అన్నాడు.

"ఇదిగో, ఇంకో గరిటెడు!" అంది అమ్మమ్మ.

ఎడమగోడ సరుకును నేరుగా అంకె పెట్టి రాయకూడదని మనవరాలు చెప్పింది. రెండు షుగర్ అనకూడదు, 'టూ టిన్స్ ఆఫ్ షుగర్' అనాలి. అమ్మమ్మకు అది చిటికెలో అర్థమైంది. "టిన్ను అంటే గిన్నె. మరి ఈ ఆఫ్ ఏంటి? గిన్నెను సరుకుకు కట్టిన దారం! గిన్నె కట్టనిదే సరుకు గడప దాటకూడదు. నా పద్ధతే!" మనవరాలికి 'ఆఫ్' అంటే దారమని తొమ్మిదో తరగతిలో రెండుసార్లూ ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ పాటికి ఆవిడ కూడా ఏ కోటో వేసుకుని తిరుగుతుండేది.

అంతా సాఫీగా సాగుతుండగా జాబితా చివర్లో సబ్బు వచ్చింది.

"సోప్. అన్‌కౌంటబుల్," అని చదివింది మనవరాలు.

"పుస్తకం తప్పు."

"అచ్చులో ఉంది అమ్మమ్మా!"

"అచ్చులో ఉంటే? సబ్బు చేతికి దొరుకుతుంది, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి ఇస్తున్నాను. కుడిగోడ సబ్బును ఎడమగోడకు పంపడానికి వాడెవడు?"

మూడు రోజులు పుస్తకం మూసే ఉంది. మనవరాలు బతిమాలింది, బెదిరించింది, పుస్తకం తీసుకెళ్లి దిండు కింద పెట్టింది. అమ్మమ్మ పట్టిన పట్టు విడవలేదు. పరీక్షకు వారం కూడా లేదని తాతయ్య గుర్తు చేస్తే, "సబ్బు సంగతి తేలేదాకా ఇంగ్లీషు నాతో మాట్లాడక్కర్లేదు," అంది.

నాలుగో రోజున స్టోరు మూలలో బూజు దులుపుతుంటే మేకుకు తగిలించి ఉన్న పాత తీగ ఒకటి చేతికి తగిలింది. రెండు కొసలకూ చెక్క పిడులున్న తీగ. ఆవిడ చేరిన కొత్తలో సబ్బు బిళ్లలుగా వచ్చేది కాదు. చేతిపొడుగు దిమ్మగా వచ్చేది. ఆ తీగతో దాన్ని కోసి వార్డులకు పంచేవారు. ఆ రోజుల్లో తీగ ఒరుసుకుని ఒరుసుకుని కుడిచేతి చూపుడువేలి మీద ఒక గీత పడింది. అది ఇప్పటికీ ఉంది.

అమ్మమ్మ తీగను చేత్తో పట్టుకుని అక్కడే నవ్వేసింది. ఆ సాయంత్రం ఇల్లు చేరకముందే వీధిలోంచి కేక వినబడింది. "ఒసేయ్! వాడు దిమ్మ గురించి చెబుతున్నాడే! మనం కోశాక చూస్తున్నాం, వాడు కోయకముందు చూస్తున్నాడు! కోసిన ముక్కకేమో వేరే పేరు ఉండి తీరాలి, ఏంటది?"

"బార్! బార్ ఆఫ్ సోప్!" అని మనవరాలు గుమ్మంలోంచే అరిచింది.

"ఉంది దారం!" అని అమ్మమ్మ వీధి మధ్యలో చప్పట్లు కొట్టింది. మర్నాడే సబ్బుల పెట్టెను కొలతగోడకు మార్చి, పక్కనే ఆ తీగ తగిలించింది. ఆవిడకూ ఇంగ్లీషుకూ మళ్లీ మాటలు కలిశాయి.

పన్నెండో రోజు పొద్దున్నే అమ్మమ్మ తలెత్తుకుని ఆసుపత్రికి వెళ్లింది. తాళం తీసింది. గుప్పున కొత్త రంగు వాసన కొట్టింది. లోపలికి చూసి గుమ్మం పట్టుకుంది.

ముందురోజు సెలవు కావడంతో బూడిదకోటు మారుతాళంతో గది తెరిపించి, రంగు వేయించి, సరుకులన్నీ ఏ బీ సీ డీల వరసలో సర్దించాడు. కుడిగోడ లేదు, ఎడమగోడ లేదు. ఒకే అరలో షీట్లు, షుగరు, సోపు, స్పిరిట్, సిజర్లు అక్కాచెల్లెళ్లలా భుజాలు కలిపి కూర్చున్నాయి. అమ్మమ్మ నేర్చుకున్న ఇంగ్లీషంతా గోడల్లో ఉంది. ఇప్పుడు ఆ గోడలే పోయాయి.

"ఎలా ఉందమ్మా గది?" అన్నాడు బూడిదకోటు, వెనకనుంచి సంబరంగా. ఆయన పక్కన పెద్ద నర్సమ్మ కాగితం, పెన్ను పట్టుకుని ఉంది.

"నా తలలా ఉంది సార్," అంది అమ్మమ్మ.

నర్సమ్మ కాగితం, పెన్ను అమ్మమ్మ చేతికిచ్చింది. పరీక్ష మొదలైంది. "షుగర్," అన్నాడాయన. అమ్మమ్మ చెయ్యి అలవాటుగా ఎడమకు వెళ్లి, ఖాళీ గాలి తగిలి ఆగింది. షుగర్ డబ్బాలు వెతుక్కుంటూ ముందుకు వంగితే ఏదో ముక్కుకు తగిలి ఊగింది. గరిట! దారంతో సహా! సర్దినవాళ్లు డబ్బాలు మార్చారు గానీ దారాలు విప్పలేదు.

ఇక చూడాలి అమ్మమ్మను! దారం ఉందా, గిన్నె పేరు రాయి. దారం లేదా, నేరుగా అంకె వెయ్యి. త్రీ టిన్స్ ఆఫ్ షుగర్. ట్వెంటీ షీట్స్. సిక్స్ బాటిల్స్ ఆఫ్ స్పిరిట్. పెన్ను గుర్రంలా పరుగెత్తింది. పెద్ద నర్సమ్మ తన సంబరం దాచుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఎనిమిదో పేరు కత్తెర. దారం లేదు. 'ఫోర్ సిజర్' అని రాసింది.

"తప్పు. ఫోర్ పెయిర్స్ ఆఫ్ సిజర్స్ అనాలి," అన్నాడు బూడిదకోటు.

"కత్తెరకు దారమెందుకు సార్? ఒంటికాలి కత్తెర ఎక్కడైనా ఉందా?"

"నన్నడిగితే నేనేం చెప్పనమ్మా, భాష అలా ఉంది. ఒక తప్పయింది. జాగ్రత్త."

తొమ్మిదోది బకెట్లు, గట్టెక్కింది. ఆయన పదో పేరు చెప్పాడు. "సోప్."

అమ్మమ్మ సబ్బుల పెట్టె వైపు చూసింది. పక్కన తీగ లేదు. రంగు వేసినవాళ్లు తుప్పు ముక్క అనుకుని పారేసి ఉంటారు. పెట్టెలో పన్నెండు సబ్బులు తెల్లగా, విడివిడిగా, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టమన్నట్టు కూర్చున్నాయి. నేరుగా పన్నెండు అని రాయడానికి పెన్ను కాగితం మీద ఆనింది. అప్పుడు పెన్ను పట్టుకున్న తన వేలే ఆవిడ కళ్లబడింది. చూపుడువేలి మీది గీత.

'ట్వెల్వ్' అని రాసి ఆగి, ఒక్కో అక్షరం నొక్కి నొక్కి, 'బార్స్ ఆఫ్ సోప్' అని ముగించింది.

బూడిదకోటు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. కోటు పై బొత్తాం విప్పాడు. ఆయన ఆ పని చేయగా ఆసుపత్రిలో ఎవరూ చూసి ఎరగరు. "తాళాలు మీ దగ్గరే ఉంచుకోండమ్మా. సబ్బు దగ్గర పడతారనుకున్నాను. నేనే పడ్డాను చిన్నప్పుడు."

"గది సంగతి సార్?"

"ఏం?"

"స్పిరిట్ పక్కన షుగర్ పెడితే అక్షరాలకు బాగుంటుంది, రోగులకు బాగుండదు."

ఆయన అర వైపు చూశాడు, అమ్మమ్మ వైపు చూశాడు. "సర్దుకోండి," అన్నాడు. మధ్యాహ్నానికల్లా రెండు గోడలూ తిరిగొచ్చాయి. కత్తెరలకు కూడా అమ్మమ్మ ఒక దారం కట్టింది, దేనికైనా మంచిదని.

ఇదంతా రాసి మనవరాలు అమ్మమ్మ ఎదురుగా కూర్చుని, ఇంగ్లీషు పుట్టింది స్టోరు గదిలోనే అన్న మొదటి మాట దగ్గర నుంచి గొంతెత్తి చదివి వినిపించింది. అమ్మమ్మ తాళాల గుత్తి తుడుచుకుంటూ చివరిదాకా విన్నది.

"ఎలా ఉంది అమ్మమ్మా?"

"ఇందులో నీ కోతలన్నీ ఎడమగోడకే. తట్టతో ఎత్తాలి. నాది పాసయింది, ఇక నీ తొమ్మిదో తరగతి సంగతి చూడు."