హౌగాంగ్‌లో అన్నయ్యకు ఉసిరి రసం

మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి మింగిన మాత్రలు అన్నయ్య కిడ్నీల మీద పడ్డాయని రక్తపరీక్షలో తేలింది. ఇప్పుడు ఆపేస్తే కోలుకోవచ్చు, లేదంటే కష్టమన్నారు డాక్టర్. నేను వెంటనే నెట్‌లో పడ్డాను. ఉసిరి, గలిజేరు ఆకుల్లోని యాంటీఆక్సిడెంట్లు మందుల దెబ్బ నుంచి కిడ్నీలను కాపాడతాయని చదివేసరికి ప్రాణం లేచొచ్చింది. మా అమ్మ వండి పెట్టినవేగా ఇవి! అలా మొదలైంది, అవి కొనుక్కెళ్లి అన్నయ్యకు వారానికి సరిపడా రసం తీసిపెట్టే నా శనివారం ప్రయాణం. మొన్నటిది నాలుగోది.

సింగపూర్‌లో నేనుండే చోవా చూ కాంగ్‌లో ఎనిమిదింటికి ఎల్ఆర్‌టీ రైలెక్కి, బుకిత్ పంజాంగ్‌లో డౌన్‌టౌన్ లైన్‌కు మారితే తొమ్మిదికల్లా లిటిల్ ఇండియా. టికెట్టు రెండు డాలర్ల చిల్లర. మార్కెట్లో ఉసిరికాయలు చూడగానే నోరూరింది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ ఇద్దరం ఉప్పద్దుకుని కొరికి, కుళాయి దగ్గరికి పరిగెత్తేవాళ్లం. ఉసిరి తిన్న నోటికి నీళ్లు తియ్యగా ఉంటాయి కదా! ముందు చేరేది అన్నయ్యే, అయినా పక్కకు జరిగి మొదట నన్నే తాగనిచ్చేవాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

ఆకుకూరల ఆంటీది తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. గలిజేరు కట్ట అందిస్తూ ఎవరికని అడిగింది. చెప్పాను.

"డాక్టర్‌ని అడిగావా మా? కిడ్నీ వాళ్లకి అన్ని కీరైలూ పడవు."

ఆకుకూరకు కూడా డాక్టరా, నాకు చెప్పొచ్చింది అని లోపలే విసుక్కుని రైలెక్కాను. అక్కడి నుంచి నార్త్ ఈస్ట్ లైన్‌లో అన్నయ్య వాళ్లుండే హౌగాంగ్ ఇరవై నిమిషాలు.

అన్నయ్య చకచకా నడిచొచ్చి తలుపు తీశాడు. మొన్నటిదాకా గోడ పట్టుకుని నడిచిన మనిషి! నా రసం పనిచేస్తోందని పొంగిపోయి ఆ మాటే అన్నాను. సోఫాలో ఉన్న మేనకోడలు తలెత్తింది.

"నాట్ యువర్ జ్యూస్ లా, అత్తా. డాడీ స్టిల్ టేకింగ్ ద పెయిన్‌కిల్లర్."

అన్నయ్య నా మొహంలోకి చూడలేదు. "నీ ఉసిరి రసం కిడ్నీల్ని కాపాడుతుందన్నావు కదే అమ్మలూ. ఆ ధైర్యంతోనే రోజుకొకటి వేసుకుంటున్నా."

అక్కడికక్కడే దులిపేశాను, సగం నన్ను నేనే తిట్టుకుంటూ. మాత్రల అట్ట లాక్కుని క్లినిక్‌కు ఫోన్ చేశాం. మాత్రలూ వద్దు, రసమూ వద్దు, సోమవారం మళ్లీ రక్తపరీక్షకు రమ్మన్నారు. తిరుగు రైల్లో ఆ వ్యాసం మళ్లీ తెరిచాను. పరీక్షలన్నీ ఎలుకల మీద చేసినవేనని చివర్లో రాసే ఉంది. నేనే అంతదాకా చదవలేదు.

ఉసిరి మీద నాకు కోపం లేదు. చిన్నప్పటి తీపి మందుగా కూడా పనిచేస్తుందని నమ్మడం నాకు హాయిగా ఉండింది, అంతే. ఆ హాయికి మూల్యం అన్నయ్య కిడ్నీలు చెల్లించాయేమోనని ఇప్పుడు భయం. మీరూ మీవాళ్ల కోసం ఇలా బయలుదేరుతుంటే ఒక్కటే సలహా: సంచీ పట్టుకునే ముందు, వాళ్లు ఏ మాత్రలు వేసుకుంటున్నారో అడగండి. నాలుగు శనివారాలు వెళ్లాను, ఒక్కసారీ అడగలేదు.