మాయ పడ్డదా?

మా చిన్నప్పుడు... బర్రె ఈనిందంటే దూడ ఆడదా మగదా అని ఎవరూ ముందు అడిగేవాళ్లు కాదు. తాండూరు బస్సు కోసం రోడ్డెక్కినవాళ్లు కూడా మా కొట్టం దిక్కు తిరిగి, మాయ పడ్డదా అనే కేకేసేవాళ్లు.

దూడ వెనకాలే బర్రె కడుపులోంచి రావాల్సిన సంచిని మాయ అంటాం. అది పడకపోతే లోపలే కుళ్లి బర్రెకు ప్రాణం మీదికి వస్తుంది. పడిందాకా పాలు పిండొద్దు, దూడను విడవొద్దు... అదీ మా ఊరి కట్టడి.

ఆ ఏడు మా చుక్కబర్రె తెల్లారేసరికి ఈనింది. ఎండ నెత్తికెక్కినా మాయ సగం వేలాడుతూనే ఉంది. పక్కింటాయన వచ్చి దానికి నాపరాయి ముక్క కట్టమన్నాడు, బరువుకు జారుతుందట. మా ఊళ్లో నాపరాళ్లకేం కరువు! నానమ్మ ఒప్పుకోలేదు. బాపు పశువుల డాక్టరు కోసం తాండూరు వెళ్లాడు. నానమ్మ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా కొట్టంలోనే కూర్చుంది. బర్రె చచ్చిపోతుందేమోనని నాకు ఒకటే ఏడుపు... గుంజకు కట్టిన దూడేమో ఆకలికి అరుస్తూనే ఉంది.

ఆ అరుపు వినలేక చివరికి నానమ్మే లేచి దూడ తలుగు విప్పింది. కట్టడి తప్పితే ఏమవుతుందోనని అమ్మ భయపడింది.

"కడుపుల ఉన్నన్ని దినాలు మాయనే సాదింది దాన్ని. ఇప్పుడు తల్లి గూడ సాదకపోతే ఎట్ల?" అంది నానమ్మ.

దూడ పొదుగును కుమ్మి కుమ్మి తాగింది. కాసేపటికి బర్రె నడుము వంచి ముక్కింది... మాయ మొత్తం జారిపడింది. బాపు డాక్టరును వెంటబెట్టుకుని వచ్చేసరికి, నానమ్మ దాన్ని గడ్డిలో చుట్టి మేడిచెట్టుకు కట్టడానికి బయలుదేరుతోంది. పాలుగారే చెట్టుకు కడితే బర్రె పాలు బాగా ఇస్తుందని నమ్మకం. కట్టి వచ్చాకే నానమ్మ అన్నం తిన్నది.

ఇప్పుడు నా బిడ్డ పశువైద్యం చదువుతోంది. కడుపులో దూడను నిలబెట్టే హార్మోన్లు, పొదుగును పాలకు సిద్ధం చేసే హార్మోన్లు ఆ మాయలోనూ తయారవుతాయట... దూడ తాగుతుంటే తల్లిలో ఇంకో హార్మోను ఊరి గర్భసంచి ముడుచుకుంటుందట. పరీక్ష కోసం ఆ పేర్లన్నీ అది బట్టీ పడుతుంటే నాకు నానమ్మే కళ్లముందు మెదిలింది. మేడిచెట్టు సంగతి పుస్తకంలో ఉందా అని అడిగితే మాత్రం నవ్వింది.

ఈ పిల్ల వికారాబాద్ ఆసుపత్రిలో పుట్టిన రోజు గుర్తుకొచ్చింది. ఫోన్ చేసిన వాళ్లందరూ పాపా బాబా, బరువెంత, ఎవరి పోలిక అని అడిగారు. నానమ్మ ఫోన్ అందుకోగానే అడిగింది ఒకటే మాట.

"నీకు మాయ పడ్డదా బిడ్డా?"

పక్కనున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజు అందరూ పాప గురించే అడిగారు... నా గురించి అడిగింది నానమ్మ ఒక్కతే.

ఇప్పుడు కొట్టం లేదు, పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి, ఆ మాట అడిగే మనిషీ లేదు... మీ ఇళ్లలో ఎవరు అడిగేవాళ్లు?